పుట్టినూరు కాలమ్

జగిత్యాలలో నేను అద్దెకుంటున్న గది మేడ మీద ఉంది. కింద ఇంటివాళ్లుంటారు. వాళ్లకు నేను "కంప్యూటర్ సారు"ని. ఏం పని చేస్తావని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. పొద్దున లేచి కుక్కర్‌లో బియ్యం పెడతాను. కర్రీ పాయింటు నుంచి పప్పు, ఏదో ఒక కూర తెచ్చుకుంటాను. తర్వాత హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాను. చాలా రోజుల్లో నేను పైకి పలికే మొదటి మాట "వినబడుతుందా మేడమ్?" అనేదే. ఒక్కోరోజు చివరి మాట కూడా అదే అవుతుంది.

మేడమ్ హైదరాబాద్‌లో ఉంటారు. భర్తలు గల్ఫ్‌కు పోయిన ఇళ్లలో, ఇక్కడ మిగిలిన ఆడవాళ్ల ఒంటరితనం మీద పరిశోధన చేస్తున్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల బీడీలు చుట్టే ఆడవాళ్లను మా ఫీల్డు వాళ్లు కలిసి, ప్రశ్నలు అడిగి, రికార్డు చేసుకొస్తారు. ఆ రికార్డులు విని జవాబుల్ని పట్టికలోకి ఎక్కించడం నా పని. ఒక్కో మనిషికి ఒక్కో వరుస, ఒక్కో ప్రశ్నకు ఒక్కో కాలమ్. చివరి కాలమ్‌లో మాత్రం అంకెలుండవు. "మనసులో మాట చెప్పుకోవడానికి మీకు ఎవరున్నారు?" అన్న ప్రశ్నకు వాళ్లు ఎట్లా అంటే అట్లా, అన్న మాట అన్నట్టే రాయాలి.

అలా నాకు వాళ్ల గొంతులన్నీ తెలుసు. ఎవరు జవాబుకు ముందు దగ్గుతారో, ఎవరు మాట్లాడుతూనే కత్తెరతో ఆకు కత్తిరిస్తారో, ఎవరింట్లో కుక్కర్ ఈల వేస్తుందో తెలుసు. వాళ్లలో ఒక్కరికీ నేను తెలియదు.

మేడమ్ రాసిన పరిశోధన పేపరును ఒక జర్నల్ అచ్చుకు ఒప్పుకున్నాక, నిధులిచ్చిన సంస్థ నిబంధనలు నా బల్ల మీదికి వచ్చాయి. పేపరు బయటికి వచ్చిన రోజే ఎవరైనా ఎక్కడినుంచైనా ఉచితంగా చదవగలగాలి. దాని వెనకున్న డేటాను అందరికీ తెరిచి ఉండే భాండాగారంలో పెట్టాలి. ఆ డేటా ఎక్కడుందో పేపరులోనే చెప్పాలి. జవాబులిచ్చినవాళ్లకు ఫలితాలు వాళ్ల భాషలో అందాలి. ఇవి పూర్తి కాకపోతే పరిశోధన రెండో దశకు అనుమతి రాదు.

నాకు ఆ నిబంధనల మీద కోపం లేదు. పైగా ఇష్టమే. ఇక్కడి కాలేజీలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ప్రాజెక్టు కోసం ఏ పేపరు తెరవబోయినా, డబ్బు కట్టమంటూ తాళం బొమ్మే కనిపించేది. సారాంశం చదివి మిగతాది ఊహించి రాసేవాళ్లం. మన గురించి, మన జిల్లా గురించి రాసిందైనా సరే, అదే తాళం. అందుకే ఈ పనిని నేను శ్రద్ధగా చేశాను. చెక్‌లిస్ట్ పెట్టుకుని పేర్లు తీసేశాను. ఫోన్ నంబర్లు, ఆధార్, ఇంటి నంబరు తీసేశాను. మాటల మధ్యలో దొర్లిన పిల్లల పేర్లు కూడా తీసేశాను. ఆడియో ఇవ్వబోమని రాశాను, గొంతే మనిషిని పట్టిస్తుంది కనుక. ఒక్కో పనికీ ఎదురుగా టిక్కు పెట్టాను.

పుట్టినూరు కాలమ్ మాత్రం ఉంచాను. ఉంచక తప్పదు. పుట్టిల్లు దూరమైన కొద్దీ మనసులో మాట చెప్పుకునే మనిషి తగ్గుతుందన్నది మేడమ్ కనుక్కున్న విషయం. ఆ కాలమ్ లేకపోతే దూరం లేదు. దూరం లేకపోతే పేపరే లేదు.

పేపరులో కొందరి మాటలు ఉన్నవున్నట్టు అచ్చవుతున్నాయి. వాటిలో ఒకటి నేను చాలాసార్లు విన్నది. వినాల్సిన అవసరం లేకపోయినా వెనక్కి జరిపి మళ్లీ విన్నది. "ఫోన్ చెవికి పెట్టుకోని ఒక్కదాన్నే మాట్లాడుత. అవుతల ఎవ్వలుండరు. ఇంట్లోళ్లు మా ఆయన అనుకుంటరు." మాట అయ్యాక ఆమె కొంచెం నవ్వింది. నవ్వును రాయడానికి పట్టికలో చోటు లేదు. ఆ మాట కింద పేపరులో ఇలా ఉంది: కోరుట్ల, పుట్టినూరు వీర్నపల్లి.

ఇక్కడే చెప్పాలి, ఆమె ఊరు వీర్నపల్లి కాదు. ఎందుకు మార్చానో ముందు ముందు తెలుస్తుంది.

ఫలితాల కరపత్రాలు పంచడానికి నేను కోరుట్ల వెళ్లాను. అక్కడ మా ఫీల్డు పని చేసే అక్క బస్టాండుకు వచ్చింది. ఇంతకు ముందు ఫోన్‌లో తప్ప మాట్లాడుకోలేదు. నన్ను చూడగానే, "గింత సన్నగున్నవేంది తమ్మీ? గొంతు వింటె పెద్ద మనిషనుకున్న" అంది. నా దగ్గర పేర్ల జాబితా ఉంది. ఒక్కో ఇల్లూ అయ్యాక టిక్కు పెడుతున్నాను. నా వేగానికి అక్క నవ్వింది. "ఓట్లకు తిరుగుతున్నమా?" అంది.

ఒక వాడకు వచ్చేసరికి అక్క చెప్పుల దుకాణం దగ్గర ఎవరితోనో మాటల్లో పడింది. నేను ముందుకు నడిచి, అరుగు మీద బీడీలు చుడుతున్న ముసలావిడకు జాబితాలోని పేరు చదివి వినిపించాను.

"గా పేరుగల్లామె మా వాడల లేదు కొడుకా" అందామె.

పక్కామె కూడా చేతిలోని ఆకు ఆపి ఆలోచించింది. "రెడ్డోళ్ల వాడల అడుగుపో" అంది.

చిరునామా సరిగ్గానే ఉంది. పేరు మళ్లీ, గట్టిగా చదివాను. ఇంకొకామె వచ్చి చేరింది. ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. అప్పుడు అక్క వెనక నుంచి వచ్చింది. "వీర్నపల్లామె ఇల్లడుగుతున్నడమ్మా" అంది.

ముగ్గురి చేతులూ ఒకేసారి ఒకే తలుపు వైపు లేచాయి.

"గట్ల చెప్పద్దా మరి! గదే, నీలం గేటు."

నేను నీలం గేటు వైపు నడిచాను గాని కాళ్లు అంత తొందరగా పడలేదు.

ఆమె లేదు. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానకు పోయిందట. అత్త మంచినీళ్లిచ్చింది. పరిశోధన అనే మాట ఆమెకు పట్టలేదు, గల్ఫ్ అనే మాట పట్టింది.

"మా కొడుకు మంచోడు సారూ. దినాం ఫోన్ జేస్తడు, పొద్దూకంగ. ఇది డాబ మీదికి పోయి మాట్లాడుతది. ఒక్కసారన్న నాకియ్యవే అంటె, డ్యూటీకి యాళ్లయిందట అత్తా అంటది. ఏం డ్యూటీలో!" అంటూ నవ్వింది. పక్కింటి వైపు తల తిప్పి మరీ చెప్పింది, వాళ్లకు కూడా వినబడేటట్టు.

ఆమె చిన్న కొడుకు డిగ్రీ చదివినవాడు. కరపత్రం తీసుకుని దాని మూల ఉన్న గళ్ల బొమ్మను అప్పుడే ఫోన్‌తో స్కాన్ చేశాడు. "త్వరలో" అని వచ్చింది.

"వచ్చే నెల తెరుస్తం" అన్నాను.

"పైసలేం కట్టాల్నా?"

"అక్కర్లేదు. ఎవరైనా చదవొచ్చు."

"మా వదినె పేరుంటదా సార్ గిండ్ల?"

"పేర్లుండవు" అన్నాను. అనేటప్పటికే నాకు తెలుసు, అది నిజం కాదని.

జగిత్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా ఫోన్‌లో ఫైలు తెరిచాను. ఏ వాడలో చూసినా ఒక్కో ఊరి నుంచి ఒక్కరే. ఒక రాయికలామె, ఒక ముస్తాబాదామె. ఊరు వేరు, పేరు వేరు అని చెక్‌లిస్ట్ రాసినవాళ్లు అనుకున్నారు. వాళ్ల దగ్గర వేరే కావచ్చు.

నా దగ్గర ఎట్లా అయ్యాయి మరి? మా అమ్మను సిరిసిల్లలో మా వాడంతా ముస్తాబాదామె అనేవాళ్లు. మా నానమ్మ కూడా అట్లాగే పిలిచేది. రేషన్ కార్డులో ఉన్న పేరుతో ఆమెను పిలిచినవాళ్లు నాకు గుర్తు లేరు. ఆమె చనిపోయిన రోజు నేను హాస్టల్లో ఉన్నాను. ఇంటికి వస్తుంటే మా వాడ మొదట్లో ఇద్దరు మాట్లాడుకోవడం వినబడింది. "ముస్తాబాదామె పోయిందట." ఊరంతా పోయినట్టు అనిపించింది అప్పుడు. ఇంత తెలిసీ, కాలమ్ తలమీద "పుట్టినూరు" అని కనబడగానే అది నాకు ఒక చోటు లాగే కనబడింది. దాంట్లో మనిషి కనబడలేదు.

మరునాడు వీడియోలో మేడమ్‌కు చెప్పాను.

"ఊరి పేరు మనిషి పేరెలా అవుతుందయ్యా?" అన్నారు.

మా అమ్మ సంగతి చెప్పలేదు. చేతులు లేచిన సంగతి చెప్పాను. మేడమ్ తన దగ్గరున్న పట్టిక తెరిచారు.

"తీసేస్తే మన లెక్క ఎవరూ సరిచూసుకోలేరు. డేటా తెరిచి పెట్టమన్నదే అందుకు కదా?"

"పేరు రాదని మాటిచ్చినం మేడమ్. పేపర్లకు తాళం ఉన్నన్ని రోజులు ఆ తాళమే వాళ్లకు చాటు. ఇప్పుడు తాళం తీస్తున్నం. ఆమె మరిది స్కాన్ చేసి కూర్చున్నడు."

అనుకోకుండా మా యాస వచ్చేసింది. ఆఫీసు మాటల్లో నేను దాన్ని రానివ్వను.

"సరే, దారి నువ్వే చెప్పు" అన్నారామె.

దారి పొద్దున్నే రాసిపెట్టుకున్నాను. ఊరికి బదులు, పుట్టింటికి పోవాలంటే ఎన్ని బస్సులు మారాలో రాద్దాం. వరుసల క్రమాన్ని కలగలిపేద్దాం. వాళ్ల మాటల కాలమ్‌ను పట్టికలోంచి తీసి వేరే ఫైలుగా పెడదాం, ఏ మాట ఏ వరుసదో తెలియకుండా. పేపరులో మాటల కింద ఊళ్లు కొట్టేద్దాం. ఎందుకు దాచామో కారణం రాస్తే దాచవచ్చని నిబంధనల్లోనే ఉంది. లెక్క కొత్తగా వేసి చూశాను. మేడమ్ కనుక్కున్నది కొంచెం పలచబడింది గాని నిలబడింది.

"మరి ఆ ఫోన్ మాట?" అన్నారు మేడమ్. "ఊరు లేకపోయినా ఇంట్లోవాళ్లు పోల్చుకోవచ్చుగా?"

"అది ఆమెనే అడగాలి."

అడగడానికి ఆ ఇంటికి పోలేం. అక్క ఉపాయం చెప్పింది. ఇంట్లో లేని సమయం ఆమెకు ఒక్కటే ఉంది, కార్ఖానకు వచ్చే సమయం.

కార్ఖాన అంటే ఒక పొడుగాటి గది, ముందు రేకుల పందిరి. ఆడవాళ్లు బీడీ కట్టలు చాటల్లో పెట్టుకుని వరుసగా కూర్చున్నారు. లోపల ఏజెంటు ఒక్కో కట్ట చూసి బాగాలేనివి పక్కకు పారేస్తున్నాడు. గాలినిండా తంబాకు ఘాటు. మొదటి తుమ్ముకే అందరి కళ్లూ నా మీద పడ్డాయి.

"ఎవలే అక్కా గీ పిలగాడు? సంబంధం తెచ్చినవా?"

"మీ తంబాకుకే తుమ్ముతున్నడు, మీ పిల్లనేం జేసుకుంటడు" అంది అక్క. అందరూ నవ్వారు.

ఆమె వరుస చివర ఉంది. అక్క పిలిస్తే చాట పక్కామెకు అప్పజెప్పి పందిరి బయటికి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది కావచ్చు. నేను ఆ గొంతుకు వేరే ముఖం ఊహించుకున్నాను.

"నీ మాటలు విని రాసింది గీ తమ్ముడే" అంది అక్క.

ఆమె నన్ను తేరిపార చూసింది. "అన్నీ విన్నవా?"

"విన్న అక్కా."

"గది గూడ?"

"గది గూడ."

"ఇజ్జత్ వాయె పో" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రికార్డులో ఉన్న నవ్వే.

నేను చెప్పాల్సింది వరుసగా చెప్పాను. ఊరు ఎట్లాగూ తీసేస్తున్నాం. ఆ మాట కూడా తీసేయమంటే తీసేస్తాం, కారణం అడగం. ఉంచమంటే ఉంచుతాం గాని ఒకసారి తెరిచాక మళ్లీ మూయలేం.

"మా మరిది సదువుతడా?"

"చదవొచ్చు. ఎవరైనా చదవొచ్చు."

"గంత పుణ్యానికి ఎందుకు వెడుతున్రు?"

"మీ గురించి రాసింది మీకే దొరకకుండ తాళమెయ్యద్దని."

"మంచిగనే ఉంది. మా అత్తకు గూడ దొరుకుతదన్నట్టు" అంది. ఈసారి నవ్వలేదు. "ఆమె కోసమే మొదలువెట్టిన తమ్మీ. కొడుకు ఫోన్ చేస్తలేడంటె బువ్వ ముట్టది. ఒకనాడు ఊకెనే చెవికి వెట్టుకోని, ఆ తిన్నరా, ఆ మంచిగున్నం అన్న. ఆనాడు కడుపునిండ తిన్నది. ఇగ ఎట్ల ఇడిచిపెట్టాలె?" కొంచెం ఆగి, "ఇప్పుడు నాకే అలవాటైంది. పొద్దూకితె డాబ మీదికి పోబుద్ధయితది. ఏదో ఒకటి చెప్పుకుంట" అంది.

"ఎవరికి?" అని అడిగాను. ఇది మా ప్రశ్నల్లో లేదు.

"ఎవలకో. అవుతల ఉన్నోళ్లకు."

లోపలి నుంచి ఏజెంటు ఏదో అరిచాడు. వరుస ముందుకు జరిగింది. ఆమె జరగలేదు.

"ఇంకెవలన్న చెప్పిన్రా గిట్ల?"

సిరిసిల్ల రికార్డు నాకు గుర్తుంది. చుట్టూ మరమగ్గాల మోత, మధ్యలో ఒక గొంతు: "ఫోన్ నేనే మోగిచ్చుకుంట, ఇంకో సిమ్ముకెల్లి. మగ్గాల సప్పుడుల ఎవ్వలకు ఇనవడది గాని, మోగుతది."

"ఒకామె చెప్పింది. కొంచెం వేరే తీరుగ."

"ఏ ఊరామె?"

నోటిదాకా వచ్చింది. నీ ఊరు దాస్తానని ఇప్పుడే మాటిచ్చిన నోరు అది.

"చెప్పద్దక్కా."

"నేనెవలకు చెప్త? నాకెవలున్నరు చెప్పనీకి?"

"నీది గూడ ఆమెకు చెప్పను."

ఆమె తల ఊపింది. కోపం రాలేదు. చాట తీసుకుని లోపలికి రెండడుగులు వేసి తిరిగింది.

"ఉండనియ్ మరి నాది. గామె సదువుతదేమో. ఫోన్ చెవికి వెట్టనామె ఎవలున్నరు గీ కాలంల, మా అత్త నన్నే అనుకోనీకి?"

ఇంకో సిమ్ము నుంచి మోగించుకునే ఆమెను కూడా అడగడానికి తర్వాతి వారం సిరిసిల్ల వెళ్లాను. నేను పుట్టి పెరిగిన ఊరే. మా ఇల్లున్న వాడ మీదుగా పోకుండా చుట్టూ తిరిగి పోయాను. ఆమె ఇంటికి అటూ ఇటూ మగ్గాల షెడ్లు. గుమ్మంలో నిలబడి నేను చెప్పేది ఆమెకు వినబడలేదు. గట్టిగా అరవాలి. అరిచి చెప్పే సంగతి కాదది. నా ఫోన్‌లో ఆమె మాట తెరిచి చేతికిచ్చాను. మాట కింద ఊరు ఇంకా ఉంది. ఆమె పెదాలు కదుపుతూ చదివింది. నా ముఖం చూసింది. ఊరి పేరు మీద వేలు పెట్టి అడ్డంగా గీసింది. తర్వాత "మగ్గాల" అన్న మాట మీద కూడా. మిగతాది అట్లాగే ఉంచమన్నట్టు చెయ్యి ఊపి ఫోన్ తిరిగిచ్చింది. కోరుట్లలో ఒకామె ఉందని ఆ మోతలో చెప్పినా ఎవ్వరికీ వినబడేది కాదు. నిజానికి ఆమెకు కూడా వినబడేది కాదు.

డేటా తెరిచే రోజు వచ్చింది. మాటల ఫైలును ఏదో ఒక క్రమంలో పెట్టాలి, ఏ క్రమమైనా ఏ వరుసనూ పట్టించకూడదు. అక్షర క్రమం అన్నిటికంటే మంచిది, దానికి మనుషులు తెలియరు. కంప్యూటర్‌కు చెప్పాను, అది పేర్చింది. మేడమ్ చూసి సరేనన్నారు. సంస్థ నుంచి నిబంధనలన్నీ నెరవేరాయని రెండు వాక్యాల జవాబు వచ్చింది. కింద ఇంటివాళ్లకు చెబుదామనుకున్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక, బిందెలో నీళ్లు పట్టుకుని పైకి వచ్చేశాను.

అప్పుడు ఆ ఫైలును ఎవరో కొత్తవాడిలా, బయటి లింకు నుంచి తెరిచి చదివాను. అమ్మ అని మొదలయ్యే మాటలు చాలా ఉన్నాయి. ఎవ్వరు లేరు అనేవి ఒక పేజీ నిండా ఉన్నాయి. దేవునికే చెప్తా అన్నవాళ్లు ఒకచోట చేరారు. చాలా కిందికి పోయాక ఇవి కనబడ్డాయి:

ఫోన్ చెవికి పెట్టుకోని ఒక్కదాన్నే మాట్లాడుత. అవుతల ఎవ్వలుండరు. ఇంట్లోళ్లు మా ఆయన అనుకుంటరు.

ఫోన్ చేస్తె మా చెల్లె ఎత్తది.

ఫోన్ నేనే మోగిచ్చుకుంట, ఇంకో సిమ్ముకెల్లి. సప్పుడుల ఎవ్వలకు ఇనవడది గాని, మోగుతది.

లింకు అక్కకు పంపాను. కోరుట్ల ఆమెకు కార్ఖాన దగ్గర చూపించమని, ఎక్కడిదాకా జరపాలో కూడా రాశాను.

రెండు రోజుల తర్వాత సాయంత్రం అక్క ఫోన్ చేసింది. నేను కర్రీ పాయింటు ముందు నిలబడి ఉన్నాను.

"చూపిచ్చిన తమ్మీ. నా ఫోన్ గుంజుకోని ఎంతసేపు చూసిందో. లైను దాటిపోయినా సోయి లేదు. సిమ్మామెను జూసి మస్తు నవ్వింది. నాకంటె తెలివిగల్లది అన్నది."

"ఇంకేమన్నది?"

"గా నడుమున్నామె ఎవలు అని అడుగుతున్నది. చెల్లె ఫోన్ ఎత్తదన్నామె. పాపం, గామె నిజంగనే చేస్తదాయె అంటున్నది. ఏ ఊరామెనో అడుగు అని నా పానం తీస్తున్నది. నీకు తెల్సా?"

నాకు తెలుసు. ఆమె గొంతు తెలుసు. ఆ మాట అన్నాక వెంటనే ఏదో గిన్నె కడగడానికి లేచిపోయింది, నీళ్ల చప్పుడు రికార్డులో ఉంది. చెల్లెలున్న ఊరు కూడా తెలుసు.

"తెల్వదని చెప్పు అక్కా" అన్నాను.

"సరే తియ్. తిన్నవా?"

"ఆ, తిన్న. మంచిగున్న" అన్నాను. పప్పు పొట్లం ఇంకా కట్టలేదు. అక్క అప్పటికే ఫోన్ పెట్టేసింది. నేను కాసేపు దాన్ని చెవి దగ్గరే ఉంచుకున్నాను.